మతి తప్పకముందే అడగాల్సిన మాట

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాలో భూమి విలువే మారిపోయింది. అత్తిలి, తణుకు వైపు కాలువ నీళ్లు అందిన చేలకు ధర వచ్చింది. ధర వచ్చిన భూమికి కాగితం కావాలి గనక దస్తావేజు లేఖరి, సాక్షి సంతకం, రిజిస్ట్రారు ఆఫీసు రైతు జీవితంలోకి వచ్చాయి. వీలునామా మాత్రం నెమ్మదిగా వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామాతో నచ్చినవాళ్లకు రాసే హక్కు తండ్రికి 1956 హిందూ వారసత్వ చట్టంతోనే దక్కింది.

1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్లో ఒక వెసులుబాటు ఉంది. మామూలుగా మతి స్థిమితం లేని మనిషి కూడా తెలివిగా ఉన్న వేళ వీలునామా రాయవచ్చు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు ఆ వేళ బాగా తెలుసు. పొద్దున్న మనవడిని పేరు పెట్టి పిలిచిన మామ్మ, దీపాలు పెట్టే వేళకు తన ఇంట్లోనే కూర్చుని ఇంటికి తీసుకెళ్లమంటుంది. ఆ తేటపడిన గడియలో చట్టం ఆమెను పొలం ఎవరికని అడగనిచ్చింది. రేపు తిండి మింగలేకపోతే ఏం చేయమంటావని అడగాలన్న ఆలోచన మాత్రం చాలాకాలం ఎవరికీ రాలేదు.

పాత ఉమ్మడి ఇళ్లలో ఆ అవసరం అంతగా కనిపించలేదు. ఎవరికి ఏది ఇష్టమో ఇంటిల్లిపాదికీ తెలుసు. అలాగని ఆ రోజుల్ని మరీ పొగడక్కర్లేదు. పెద్దాయన ఇష్టాన్ని తెలుసుకున్నట్టు, భర్త పోయిన ఆడమనిషి ఇష్టాన్ని ఎన్ని ఇళ్లు తెలుసుకున్నాయి? తర్వాత పిల్లలు హైదరాబాదుకూ అమెరికాకూ వెళ్లారు. అమ్మ దగ్గర మిగిలింది ఒక కోడలో, ఒక కూతురో, జీతానికి వచ్చే మనిషో.

జబ్బుకు పేరు దొరకడం మరో కథ. జర్మనీలో ఆలోయిస్ అల్జీమర్ 1906లోనే దీన్ని వివరించాడు. మన ఇళ్లలో మాత్రం అది చాదస్తంగానే చెల్లుబాటైంది. 1992లో కేరళలో అల్జీమర్స్ సంఘం పుట్టింది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకశక్తి పరీక్షలను తెలుగువాళ్లకు సరిపడేలా మలిచింది. 648 మంది రోగులపై ఆ బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయని, చదువురానివారిలోనూ ఆ తేడా ఉందని తేలింది. చూసుకునే కుటుంబానికి అలాంటి పరీక్షల వల్ల ఇంకో మేలుంది. జబ్బును తొలిదశలోనే గుర్తిస్తే, మనిషి జవాబు చెప్పగలిగినప్పుడే అడిగే వీలుంటుంది. దేశంలో అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం, అంటే 88 లక్షల మంది దాకా, డిమెన్షియాతో ఉన్నారని ఇటీవలి అంచనా.

ఒక అపోహ గురించి ఇక్కడే చెప్పాలి. అబ్బాయి పేరున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉందిగా, ఇక దిగులేమిటని చాలామంది నిశ్చింతగా ఉంటారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన మనిషి మతి తప్పితే ఆ అధికారం ఆగిపోతుంది. సరిగ్గా అక్కరకు రావలసినప్పుడే అది పనికిరాదు.

చికిత్స విషయంలో మనిషి కోరికను మన కోర్టుల ముందుకు తెచ్చినవారిలో ఒక తెలుగు తల్లి ఉంది. కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న వెంకటేశ్ ప్రాణాధార చికిత్స ఆపించుకుని, తన అవయవాలు పాడవకముందే దానం చేయాలనుకున్నాడు. 2004లో అతని తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. అతనిది మతిమరుపు కాదు, కోరికను స్పష్టంగా చెప్పగలిగినవాడు. అయినా చెల్లలేదు. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో, కోలుకునే ఆశ లేనివారికి ప్రాణాధార చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు కొంత దారి తెరిచింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ తీర్పుతో ముందస్తు వైద్య నిర్దేశానికి, అంటే ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టే పత్రానికి, గుర్తింపు వచ్చింది. దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన సామాన్యులకు అందనిది. 2023 జనవరిలో కోర్టు దాన్ని సడలించింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు.

ఆ పత్రం కోలుకునే ఆశ లేని స్థితిలో, ఆస్పత్రి వైద్య బోర్డులు ఒప్పుకున్నాకే అమల్లోకి వస్తుంది. అంతకుముందు గడిచే ఏళ్ల గురించి అందులో ఏమీ ఉండదు. ఏ ఊళ్లో ఉండాలి, స్నానం ఎవరు చేయించాలి, కొల్లేటి చేప ఇష్టపడే మనిషికి పథ్యం పేరుతో చప్పిడి కూడే పెట్టాలా, ఇవన్నీ ఇంట్లోనే అడిగి నోటుపుస్తకంలో రాసుకోవాల్సినవి. అడగడం అపశకునమని వెనకాడితే, తర్వాత మాట పోయిన మనిషి మొహం తిప్పుకోవడంలో, పెట్టిన ముద్ద ఉమ్మేయడంలో జవాబు వెతుక్కోవాలి. అవీ జవాబులే. రోజూ అన్నం పెట్టే మనిషికి అవి అర్థమవుతాయి. తిండికి గొట్టం వేయించండని దూరం నుంచి ఫోన్లో చెప్పే కొడుకుకు అర్థం కావు. వాళ్లిద్దరి మాటల్లో నేను తినిపించే చేతి మాటకే ఎక్కువ విలువిస్తాను.

అలాంటి మనిషిని ముందే ఎంచుకునే దారీ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అస్వస్థత నిర్వచనంలో జ్ఞాపకశక్తి లోపాన్నీ చేర్చింది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందే ఎంచుకునే హక్కు దాని 14వ సెక్షన్ ఇచ్చింది. పెద్ద కొడుకే కానక్కర్లేదు, కోడలి పేరైనా రాయవచ్చు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద సంతకం చాలు, సంతకం రానివాళ్లకు వేలిముద్ర చాలు.