రంపం పళ్ళూ, డాలరు లెక్కలూ

పోయిన వేసవిలో ఒక శనివారం. మా టీములో సీనియర్ ఒకాయన 1960ల్లో కట్టిన పాత ఇల్లు కొన్నాడు. పెరట్లో చెక్క డెక్ సగం కుళ్ళిపోయి ఉంది. దాన్ని పీకడానికి కాంట్రాక్టరు చెప్పిన రేటు వినగానే ఆయనలోని తెలుగువాడు నిద్ర లేచాడు. "మనమే పీకేద్దాం తమ్ముడూ, బిర్యానీ నాది" అన్నాడు. బిర్యానీ అన్నాక నేను కాదంటానా? :)

రెసిప్రొకేటింగ్ సా ఒకటి అద్దెకి తెచ్చాం. అంటే చేత్తో పట్టుకునే కరెంటు రంపం. బ్లేడు ముందుకీ వెనక్కీ నిమిషానికి రెండు మూడు వేలసార్లు ఆడుతుంది. బ్లేళ్ళు తెచ్చే పని నాకు పడింది. కొట్లో చూస్తే గోడ నిండా బ్లేళ్ళే. ఒకదానికీ ఇంకోదానికీ ధరలో ఐదారు రెట్లు తేడా. చెక్క కోయడానికే కదా, ఇంత డబ్బెందుకు పోయడం అని, చెక్కకి అని రాసి ఉన్నవాటిల్లో అన్నిటికంటే చవకైన ఐదు బ్లేళ్ళ ప్యాకెట్టు పట్టుకొచ్చాను. మధ్యాహ్నం బిర్యానీ వేళకి ఐదూ అయిపోయాయి. చెక్కలో దాక్కున్న మేకులు పళ్ళన్నీ నున్నగా గొరిగేశాయి.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో ఈ ఘనకార్యం చెప్పాను. ఆయన నవ్వకుండా ఒకటే అడిగాడు: "పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయిరా, ముందుకా వెనక్కా?" నేను చూడలేదు. పొద్దుట్నుంచీ దాంతో కోస్తూ, ఐదు బ్లేళ్ళు నాశనం చేసి, పళ్ళు ఎటున్నాయో చూడలేదు!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా తాత వడ్రంగి. నాకు ఊహ తెలిశాక ఆయన దగ్గర పెద్ద రంపం ఒక్కటే చూశాను. వారానికోసారి అరుగు మీద కూచుని, రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నూ రాకేవాడు. తర్వాత పళ్ళని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కాస్త వంచేవాడు. ఆ వంపు లేకపోతే రంపం చెక్కలో పట్టేస్తుందట. అలాంటాయన మనవణ్ణి నాలుగ్గంటల్లో ఐదు బ్లేళ్ళు చెత్తబుట్టలో వేశాను. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే రెండు వారాలు ఈ బ్లేళ్ళ చరిత్ర చదివాను. చదివాక అర్థమైంది ఏంటంటే, ఆ గోడ మీద ఒక్కో ధర వెనకాల ఒక్కో పాత సమస్య ఉంది. ఆ సమస్య మనదైతే డబ్బు పెట్టాలి, కాకపోతే అక్కర్లేదు. అంతే.

నాన్న ప్రశ్నతోనే మొదలుపెడతా. ఈ మిషన్ బ్లేడు పళ్ళు మిషన్ వైపుకి తిరిగి ఉంటాయి. కోత నెట్టేటప్పుడు కాదు, లాగేటప్పుడు పడుతుంది. పలచటి రేకుని ఒక చివర పట్టుకుని నెట్టి చూడండి, వంగిపోతుంది. లాగితే నిటారుగా ఉంటుంది. ఇది ప్రాచీన ఈజిప్టు వడ్రంగులకి బాగా తెలిసిన సంగతి. వాళ్ళ రంపాలు రాగివి, రాగి మెత్తన. నెడితే మడతపడుతుంది కాబట్టి పళ్ళు పిడి వైపుకి పెట్టుకుని, కొయ్యని నిలువు గుంజకి కట్టేసి లాగి కోసేవాళ్ళు. క్రీ.పూ. 15వ శతాబ్దం నాటి రెఖ్మిరే సమాధి గోడల మీద రంపం పట్టిన వడ్రంగుల బొమ్మలున్నాయి. జపాన్ వడ్రంగులు ఇవాళ్టికీ లాగే కోస్తారు, అందుకే వాళ్ళ రంపాలు అంత పలచన. నెట్టి కోయాలంటే రంపం మందంగానైనా ఉండాలి, లేదా హాక్సా లాగా ఫ్రేములో బిగించి లాగి పెట్టైనా ఉంచాలి. మన మిషన్ బ్లేడుకి రెండో చివర ఏ ఆధారమూ లేదు, గాల్లో వేలాడుతుంది. కాబట్టి ఫారోల నాటి పరిష్కారమే మళ్ళీ పనికొచ్చింది.

రెండో సమస్య లోహానిది. గట్టిగా ఉన్నది పెళుసు, పుటుక్కున విరుగుతుంది. విరగకుండా వంగేది తొందరగా మొద్దుబారుతుంది. పనిముట్ల చరిత్ర మొత్తం ఈ తగువే. ఈ తగువులో మన వాళ్ళకి కూడా ఒక పేజీ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. 1820ల మొదట్లో హెన్రీ వాయ్సీ అనే సర్వే శాఖ డాక్టరు అక్కడికి వెళ్ళి చూసి రాసిన వర్ణన ఆయన పోయాక 1832లో అచ్చయింది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అన్న మాటే వాళ్ళ నోట్లో అలా నలిగిందని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇది డంబానికి చెప్పట్లేదు. ఆ వూట్జ్ ముక్కలు లండన్ చేరాక మైకేల్ ఫారడే (అవును, మన ఫిజిక్స్ పుస్తకంలో ఆయనే), జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దాని గుట్టు విప్పబోయాడు. 1819లో దాన్ని పరీక్షించి, 1820లోనూ 1822లోనూ ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చేసిన ప్రయోగాలు ప్రచురించారు. గుట్టు విషయంలో ఫారడే పొరబడ్డాడు, అందులో అల్యూమినియం ఉందనుకున్నాడు. మార్కెట్లో నిలబడే సరుకు కూడా వెంటనే ఏదీ రాలేదు. కానీ "ఉక్కులో ఇంకోటి కలిపితే ఏమవుతుంది?" అని పద్ధతిగా అడిగిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. మీరు కొనే బ్లేడు పన్ను ఆ ప్రశ్నకి తర్వాత తరాలు చెప్పిన జవాబు.

జవాబులు ఇలా వచ్చాయి. 1868లో రాబర్ట్ మషెట్ ఇంగ్లండులో టంగ్‌స్టన్ కలిపిన ఉక్కు చేశాడు. 1900కి కాస్త ముందు అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్‌లో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అలాంటి ఉక్కుని కరిగేంత వేడికి దగ్గరదాకా తీసుకెళ్ళి చల్లారిస్తే ఎర్రగా కాలినా పదును పోదని కనిపెట్టారు. అదే హై స్పీడ్ స్టీల్. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఎర్రగా కాలుతూ ఇనుము చెక్కుతున్న పనిముట్టుని చూసి జనం నోరెళ్ళబెట్టారు. (ఈ టేలరే స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుల పనిని కొలిచిన మేనేజ్‌మెంట్ మహానుభావుడు. మన టైమ్‌షీట్లకి ముత్తాత!)

ఎందుకిదంతా? మామూలు కార్బన్ స్టీలు పన్ను రెండు రెండున్నర వందల సెల్సియస్ డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. హై స్పీడ్ స్టీలు సుమారు 600 దాకా తట్టుకుంటుంది. నా ఐదు బ్లేళ్ళని చంపింది మేకు గట్టితనం ఒక్కటే కాదు, మేకుతో రాపిడిలో పుట్టిన వేడి కూడా. చవక బ్లేడు మోసం కాదండీ. అది శుభ్రమైన చెక్క కోసం, చెట్ల కొమ్మల కోసం పుట్టింది. దాన్ని మేకుల మీదకి తోలిన తప్పు నాది.

ఇక మిషన్ సంగతి. 1951లో మిల్వాకీ ఎలక్ట్రిక్ టూల్ కంపెనీ 'సాజాల్' అనే మిషన్ తెచ్చింది. పేరులోనే ఉంది, అన్నీ కోసేస్తుందని. అమెరికాలో ఇప్పటికీ ఏ కంపెనీ మిషన్నైనా సాజాల్ అనే అంటారు, మనం ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు. మనలాంటి కొనేవాడికి జరిగిన మేలేంటంటే, బ్లేడుని మిషన్లో బిగించే తోక దాదాపు అందరికీ ఒకటే అయిపోయింది. ఏ కంపెనీ బ్లేడైనా చాలావరకు ఏ మిషన్‌కైనా పడుతుంది. ప్రింటరు చవకగా అమ్మి ఇంకుతో పిండే లాక్-ఇన్ ఇక్కడ లేదు. కాబట్టి మిషన్ మీద ఉన్న పేరే బ్లేడు మీద ఉండాలని పట్టు పట్టక్కర్లేదు.

కానీ ఈ మిషన్ పాత తగువుని ఇంకా పెంచింది. బ్లేడు వంగాలి, లేకపోతే విరుగుతుంది. పన్ను గట్టిగా ఉండాలి, లేకపోతే అరుగుతుంది. ఒకే లోహంతో రెండూ ఎలా? పరిష్కారం ఊహించని చోటు నుంచి వచ్చింది. 1950ల్లో జర్మనీలో కార్ల్-హైంజ్ స్టైగర్‌వాల్డ్ శూన్యంలో ఎలక్ట్రాన్ కిరణంతో లోహాలని అతికించే మిషన్లు తయారుచేశాడు. ఆ పద్ధతి తర్వాత రంపాల్లోకి వచ్చింది. స్ప్రింగులా వంగే ఉక్కు పట్టీ అంచుకి సన్నటి హై స్పీడ్ స్టీలు పట్టీ అతికించి, ఆ అంచులో పళ్ళు కోస్తారు. అదే ప్యాకెట్టు మీద ఉండే 'బైమెటల్'. తగువు తీర్చలేదు, ఆస్తి పంచారు. పళ్ళు ఒకడికి, వెన్ను ఇంకొకడికి!

అన్నిటికంటే ఖరీదైనది కార్బైడ్. దీని పుట్టుక రంపం కోసం కాదు, బల్బు కోసం. బల్బుల్లో టంగ్‌స్టన్ తీగ సన్నగా లాగడానికి వజ్రాల అచ్చులు వాడేవాళ్ళు, అవి భలే ఖరీదు. వాటి బదులుగా జర్మనీలో ఓస్రామ్‌లో పనిచేసే కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి ముద్దచేసి 1923లో పేటెంటు పెట్టాడు. క్రుప్ కంపెనీ దాన్ని 'విడియా' అని అమ్మింది, వజ్రంలాంటిది అని అర్థం. పోత ఇనుము గొట్టాలకీ, స్టెయిన్‌లెస్ స్టీలుకీ ఇదే దిక్కు. ఈ మధ్య కార్ల స్తంభాల్లో బోరాన్ స్టీలు వాడుతున్నారు కదా, యాక్సిడెంటులో ఇరుక్కున్న మనిషిని బయటికి తీసే రెస్క్యూ వాళ్ళకి ఈ బ్లేడు చాలాసార్లు అవసరం పడుతుంది. అక్కడ చవక బ్లేడు అంటే నిమిషాలు పోవడం. నా డెక్‌కి మాత్రం చాలావరకు అది అనవసరం.

సరే, ఇంత చరిత్ర చదివి నేను రాసుకున్న లెక్కలు ఇవి.

ధర బ్లేడుకి కాదు, కోతకి చూడాలి. రెండు డాలర్ల బ్లేడు ఐదు కోతలకి చచ్చిపోయి, ఐదు డాలర్లది యాభై కోతలు లాగిందనుకుందాం. మొదటిది కోతకి నలభై సెంట్లు, రెండోది పది. చవకైనది ఏదో మీరే చెప్పండి. కానీ మీకున్న పని నాలుగు కొమ్మలు కొట్టడమే అయితే లెక్క తిరగబడుతుంది, రెండు డాలర్లదే చాలు.

పళ్ళ సంఖ్య చూడాలి. అంగుళానికి ఎన్ని పళ్ళు అన్నది బ్లేడు మీదే రాసి ఉంటుంది. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు కోసే వస్తువులో ఉండాలన్నది పాత సూత్రం. అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న గొట్టానికి 24 పళ్ళది, పావు అంగుళానికి 14 పళ్ళది. పళ్ళు తక్కువైతే రేకు అంచు రెండు పళ్ళ మధ్య ఇరుక్కుని పన్ను ఊడుతుంది. శుభ్రమైన చెక్కకి 5 లేదా 6 పళ్ళు చాలు, పొట్టు బయటికి పోవడానికి మధ్యలో చోటు కావాలి. మేకులున్న చెక్కకి 6 నుంచి 10 పళ్ళ బైమెటల్.

మందం చూడాలి. మామూలు బ్లేడు సుమారు 0.9 మిల్లీమీటర్లు, పడగొట్టే పనులకి చేసినది 1.6 దాకా ఉంటుంది. మందంది వణకదు, వంకర పోదు.

పొడవు ఎక్కువ తీసుకుంటే లాభం అనుకోవద్దు. మిషన్ కదలిక అంగుళం పైచిలుకే కాబట్టి, పలచటి వస్తువు కోసేటప్పుడు ఎప్పుడూ అవే పళ్ళు అరుగుతాయి. మిషన్ ముందున్న ఆనింపు జరిపే వీలుంటే కాస్త జరపండి, కొత్త పళ్ళు పనిలోకి వస్తాయి. లోహానికి వేగం తగ్గించి రెండు చుక్కలు నూనె వేయండి. గోడ మీద పెట్టే ముందు లోపల కరెంటు తీగా, నీళ్ళ గొట్టం లేవని తేల్చుకోండి. బ్లేడు మార్చేటప్పుడు బ్యాటరీ తీసేయండి.

తర్వాతి శనివారం మందపాటి బైమెటల్ బ్లేళ్ళు మూడు తీసుకెళ్ళాను. మిగతా డెక్ మొత్తం రెండింటితో అయిపోయింది. మూడోది ఇంకా ప్యాకెట్లోనే ఉంది.

నాన్నకి చూపించాను. ఆయన అరిగిన బ్లేడుని కెమెరాకి దగ్గరగా పెట్టమని చూసి, "దీన్ని మళ్ళీ రాకొచ్చా?" అన్నాడు. లేదు. హై స్పీడ్ స్టీలు మీద మామూలు ఆకురాయి జారిపోతుంది, పైగా అంత చిన్న పళ్ళకి పెట్టే సమయం ఖరీదు కొత్త బ్లేడు ధర కంటే ఎక్కువ. మా తాత రంపం పన్ను మెత్తగా ఉండేది, వారానికోసారి మొద్దుబారేది. కానీ ఆకురాయి దానిమీద పనిచేసేది. పన్ను గట్టిపడుతున్నకొద్దీ పదునుపెట్టే పని మన చేతుల్లోంచి ఫ్యాక్టరీకి పోయింది. కోతకి ఎంత అని నేను వేసిన లెక్క తప్పు కాదు, కానీ అందులో ఆ ఆకురాయికి గడి లేదు.

తాత రంపం ఇంకా మా ఊళ్ళో దూలానికి వేలాడుతోంది. పాత ఇనుముకి వేసెయ్యనా అని పోయినేడు నాన్న అడిగితే, నీ ఇష్టం అన్నాను. ఇప్పుడు వద్దని చెప్పాను. ఈసారి వెళ్ళినప్పుడు పళ్ళు ఎటున్నాయో ముందు చూస్తాను.