వింటిని నిలిపే జిగురు

కోస్తాలో వలకు కచిడి చేప పడితే ఆ జాలరి ఇంట పండగే. మాంసానికి కాదు, కడుపులోని గాలితిత్తికి ధర పలుకుతుంది. విశాఖ జాలరిపేట ఇసుకలో ఆ తిత్తి మాట వచ్చినప్పుడల్లా నాకు విల్లు గుర్తొస్తుంది. ఒట్టోమన్ తురుష్కులు స్టర్జన్ చేప గాలితిత్తిని కరిగించి తీసిన జిగురుతో విల్లు అతికేవారు మరి!

కొసలు ముందుకు తిరిగిన ఆ విల్లే నేటి రికర్వ్ విల్లుకు పూర్వరూపం. నడుమ చెక్క, విలుకాడి వైపు గేదెకొమ్ము, అవతలి వైపు పశువుల నరాల నార. నారి లాగితే కొమ్ము నొక్కుడును ఓర్చుకుంటుంది, నార సాగుడును. విష్ణువు విల్లు శార్ఙ్గం కదా, కొమ్ముతో చేసినదనే ఆ పేరుకు అర్థం. పొరలన్నీ ఆరి కుదురుకోవడానికి నెలలు పట్టేది. అంత శ్రమపడ్డా తేమ ముందు అది ఓడిపోయేది. జిగురు మెత్తబడితే పొర లేస్తుంది. పొర లేచిన విల్లు నారి ఎక్కించినా విరగవచ్చు. మొగలుల కాలంలో మన దేశంలో ఉక్కు విల్లులూ చేశారు. ఆయుధశాలలో ఏళ్లు పడివున్నా వాటికి జిగురు బెంగ లేదు. కానీ కొమ్ము విల్లంత చురుగ్గా బాణాన్ని విసరలేవు. లోపల పగులుంటే చెప్పకుండానే విరుగుతాయి.

20వ శతాబ్దం మధ్యలో ఫైబర్‌గ్లాస్ వచ్చి తేమ బాధ తీర్చింది. జాలరిపేట ఒడ్డున కట్టె తెప్పల చోట నిలిచిన పడవలదీ అదే సరుకు: గాజునార, రెసిన్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లోకి విలువిద్య తిరిగొచ్చేనాటికి చెక్క, ఫైబర్‌గ్లాస్ పొరల విల్లే రాజ్యమేలుతోంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రికర్వ్ జట్టు రజతం గెలిచిన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ తరానికి లోహపు రైజర్ (నడిమి పిడి), కార్బన్ లింబులు (పిడికి అటూ ఇటూ వంగే రెక్కలు) వచ్చాయి.

అవీ విరుగుతాయి, అరుదుగా. బాణం లేకుండా నారి వదిలితే బాణం మోసుకుపోవాల్సిన బలమంతా లింబుల మీదే పడుతుంది. మూసిన కారులో, మండుటెండలో వదిలేస్తే ఇప్పటి జిగురూ సడలుతుంది. అందుకే వారానికోసారైనా లింబు అంచుల వెంట దూది నడపాలి. పోగు చిక్కిన చోట పొర చిట్లిందన్నమాట. ఆ లింబుతో ఇంకొక్క బాణం కూడా వేయకూడదు.