పొడిపొడిగా పొరటు

కిందటి సమ్మేళనం రోజు పొద్దున్నే గుడ్లు వేసే పొయ్యి ముందు పెద్ద వరసే నిలబడింది. ఒకరికి ఆమ్లెట్టు, ఒకరికి బుల్స్ ఐ. అమెరికా నుంచి వచ్చిన మనవాడికి వెన్నలో సన్న సెగమీద మెత్తగా కలియబెట్టిన స్క్రాంబుల్డ్ ఎగ్స్. వెనక నిలబడ్డ లెక్కల మాస్టారు నవ్వుతూ, "మీ చిన్నప్పుడు గుడ్డు ఎలా కావాలని ఎవరడిగార్రా?" అన్నారు.

ఎవరూ అడగలేదు. 1970లలో గుడ్డంటే పెరట్లో నాటుకోడి పెట్టినదే. అది ఏడాదికి 60, 70 పెడితే గొప్ప, అందులోనూ కొన్ని పొదగేయడానికే పోయేవి. జ్వరంపడి లేచినవాడికి ఒకటి ఉడకబెట్టి ఇచ్చేవారు. పొద్దున మనకి చద్దన్నం, ఆవకాయ.

ఏడాదికి 250 దాటి పెట్టే తెల్ల లెగ్‌హార్న్ జాతి కోళ్లు వచ్చాక లెక్క మారింది. బి.వి.రావుగారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ ప్రారంభించారు. తణుకు, అనపర్తి వైపు వరి రైతులు కోళ్ల షెడ్లు వేశారు. మేతకు కావలసిన తవుడు, నూకలు దగ్గరలోనే ఉన్నాయి కదా! గుడ్లు పెరిగాయి గానీ ధర మాత్రం వ్యాపారి చెప్పిందే. గుడ్డు నిలవుండే సరుకు కాదు. అమ్ముడవలేదని కోడికి మేత ఆపలేం. ఇంజనీరుగా నాకు అది ఆపడానికి స్విచ్చి లేని ఫ్యాక్టరీలా కనిపిస్తుంది.

మా బెంచీలో ఒకడి నాన్నగారు అప్పు తెచ్చి షెడ్డు వేశారు. శనివారాలు వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. పెంకు చిట్లినవి అమ్ముడుపోవు కనుక వాళ్లమ్మగారు వాటిని ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసి, నీరంతా ఇగిరి మూకుడుకి అంటుకునేదాకా వేయించేవారు. నా జీవితంలో కడుపునిండా గుడ్డు తిన్నది మొదట అక్కడే.

1980ల మొదట్లో గుడ్డు ధర ఉత్పత్తి ఖర్చు కంటే కిందికి పడిపోయింది. ఎందరో రైతులు షెడ్లు మూసేశారు. వాళ్లదీ మూతపడింది. వాడు ఏడో తరగతి పరీక్ష రాయలేదు. సామాను బండికెత్తుకుని ఊరు వదిలి వెళ్లిపోయారు.

1982లో రావుగారు రైతులను కూడగట్టి నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీని ఏర్పాటు చేశారు. గుడ్డు ధరను రైతులే ప్రకటించడం మొదలైంది. పేపర్లో రోజూ కనిపించే 'నెక్ రేటు' అదే. దూరదర్శన్‌లో రోజూ గుడ్డు తినమని పాట పాడే ప్రకటనలూ వాళ్లవే. ఇప్పుడు మన బడి పిల్లలకి మధ్యాహ్న భోజనంలోనే గుడ్డు పెడుతున్నారు. మావాడికి మాత్రం ఆ కమిటీ కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది. సంఘం పాత రిజిస్టరులో పేరు ఉంది, చిరునామా గడి ఖాళీ.

నా వంతు వచ్చింది. "ఎలా వేయమంటారు సార్?" అన్నాడు వంటబ్బాయి.

"పొరటు. పొడిపొడిగా, కాస్త మాడినా ఫరవాలేదు," అన్నాను.