గోడ మీది కుక్క

1819 ఫిబ్రవరి. మాడ్రిడ్ పొలిమేరలో, మంజనారెస్ నది ఆవలి గట్టున చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా ఒక మేడ కొన్నాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. జనం దాన్ని ‘చెవిటివాడి ఇల్లు’ అనేవారు. విచిత్రం ఏమిటంటే, ఆ పేరు వచ్చింది ఈయన వల్ల కాదు, అంతకుముందే ఎవరో చెవిటాయన వల్ల. గోయాకు వినికిడి పోయి మాత్రం పాతికేళ్లు దాటింది.

భార్య హోసెఫా 1812లోనే పోయింది. పుట్టిన పిల్లల్లో బతికి బట్టకట్టింది ఒక్క హవియెర్. ఇల్లు చూసుకోవడానికి లెయోకాడియా ఉంది, ఆమె చిన్న కూతురు ఉంది. ఇంట్లో అలికిడి ఉండేది. అది ఆయన దాకా వచ్చేది కాదు, అంతే.

1819 చివర్లో గోయాకు పెద్ద జబ్బు చేసింది. డాక్టర్ అర్రియెటా బతికించాడు. ఆ రుణం తీర్చుకుంటూ 1820లో గోయా ఒక బొమ్మ వేశాడు. మంచం మీద వాలిపోతున్న తనని వెనక నుంచి పొదివి పట్టుకుని డాక్టర్ మందు తాగిస్తున్నాడు. ఆ ఇద్దరి వెనక చీకట్లో ఏవో మొహాలు. ఆ మొహాలే తర్వాత బొమ్మలై ఈ ఇంటి గోడలెక్కాయని నాకనిపిస్తుంది.

ఒక రాత్రి ఊహించుకుందాం. ముసలాయన కొవ్వొత్తి వెలుగులో గోడకు ఎదురుగా నిలబడ్డాడు. కుంచె గరగర కూడా ఆయనకు వినపడదు. కింది గదిలో రోమన్ దేవుడు సాటర్న్ కన్నబిడ్డను నమిలేస్తున్నాడు. తింటున్న వాడి కళ్లలోనే బెదురు! అయినా నన్ను వణికించేది అది కాదు, మేడ మీది కుక్క. మట్టిరంగు దిబ్బ వెనక నుంచి తల ఒక్కటే కనిపిస్తుంది. పైన బొమ్మ నిండా మసక పసుపు ఖాళీ. కుక్క మోర ఎత్తి అటే చూస్తోంది.

అలాంటి గోడబొమ్మలు మొత్తం 14. ఎవరూ వేయమనలేదు, అమ్మకానికీ కాదు. ఒక్కదానికీ ఆయన పేరు పెట్టలేదు. 1823లో ఇల్లు మనవడు మరియానో పేర రాసేసి, మరుసటేడు ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. 1828లో బోర్డోలో కన్నుమూశాడు.

1874లో సాల్వడార్ మార్టినెస్ కుబెల్స్ ఆ బొమ్మల్ని గోడల మీంచి ఊడదీసి కాన్వాసుకు ఎక్కించే పనిలో దిగాడు. రంగు కొంత రాలింది, కొంత దిద్దారు. ఇప్పుడవి ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. కుక్క చూస్తున్న చోట గోయా ఖాళీనే వదిలాడా, లేక అక్కడున్నదేదో గోడతో పాటు రాలిపోయిందా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.