అచ్చుకు ముందు గీత

హైదరాబాదునకు ఆగ్నేయమున, ఇబ్రహీంపట్నము దాపున గల ఆదిభట్ల పేరు వినగానే నేడు మనకు కంప్యూటరు సంస్థల భవనములును, విమానభాగములు తయారుచేయు కర్మాగారములును తలపునకు వచ్చును. అట్టి చోట్ల పనిచేయు యువకుల చొక్కాలపై రంగురంగుల గుర్తులను, బొమ్మలను చూచుచుందుము. ఆ బొమ్మ గుడ్డమీదికి ఎట్లు వచ్చినది? చిత్రమును ఉన్నదున్నట్లు ఒక్కసారిగా అద్దిరని తలచుట పొరపాటు. రంగులెన్నియో అన్ని భాగములుగా దానిని ముందు విడదీయవలెను. ఈ విద్య తెలుగువారికి క్రొత్తది కాదు.

డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణమున అడుగిడినది ముఖ్యముగా మన తీరపు బట్టలకొరకే. పువ్వులు, లతలు గల ఆ బట్టలపై ఐరోపాలో మోజు ఎంతగా ప్రబలెననగా, తమ నేతపనివారిని కాపాడుకొనుటకై ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించెను. ఇంగ్లండు 1700లో శాసనము చేసెను.

ఆ పని గుట్టు తెలిసికొనగోరిన పాశ్చాత్యులలో కేర్దూ అను ఫ్రెంచి పాదిరి యొకడు. సంస్కృతమునకును లాటినునకును గల పోలికలను పరిశీలించిన పండితుడీతడే. కోరమండల తీరపు చిత్రకారుల విధానమును అతడు 1742లో ఒక లేఖలో వర్ణించెను. బొమ్మను మొదట కాగితముపై గీసి, గీత వెంబడి సూదితో సన్నని రంధ్రములు గ్రుచ్చెడివారు. ఆ కాగితమును గుడ్డపై పరచి బొగ్గుపొడి అద్దగా, రంధ్రములున్నచోటనే పొడి దిగి గీత ఏర్పడెడిది. దారి యున్నచోట రంగు దిగును, లేనిచోట ఆగును. నేటి తెరయచ్చునకును సూత్రమిదియే.

మచిలీపట్టణము చెంతనున్న పెడనలో ఈ ఆలోచన కఱ్ఱలోనికి వచ్చినది. ఒక పువ్వునకు ఒక అచ్చు చాలదు. అంచుగీతకు ఒకటి, ఎఱుపు నింపుటకు మఱియొకటి, ఇట్లు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క టేకు అచ్చు చెక్కవలెను. కరక్కాయయు గేదెపాలును పట్టించిన గుడ్డపై, బెల్లపునీట ఇనుము నానవేసిన ద్రావకముతో నల్లగీతను అద్దుదురు. ఎఱుపు కావలసినచోట పటికను అద్ది, పిదప రంగువేళ్లతో ఉడికింతురు. ఒక అచ్చు వెండ్రుకవాసి తప్పినను పువ్వు రేకు గీత దాటును.

1907లో మాంచెస్టరు నగరమునకు చెందిన సామ్యుయేల్ సైమన్ పట్టుతెర అచ్చునకు పేటెంటు పొందెను. ఇప్పుడు కంప్యూటరుపై చిత్రమును అసలు పరిమాణములో, అంగుళమునకు 300 చుక్కల చొప్పున సిద్ధపఱతురు. ఒక్కొక్క రంగును వేఱుచేసి, పారదర్శకమైన ఫిల్ముపై నల్లగా తీయుదురు. కాంతికి గట్టిపడు పూత పూసిన తెరపై దానినుంచి వెలుగు ప్రసరింపజేయగా, నలుపు చాటుననున్న పూత మెత్తగానే యుండి నీటికి కొట్టుకొనిపోవును. అచటినుండియే సిరా దిగును. నల్లచొక్కాయైనచో రంగుల క్రింద తెలుపు పూతకు వేఱొక తెర కావలెను. ఆ తెలుపును పైరంగుకంటె రవంత సన్నగా ఉంచనిచో అంచులవెంట తొంగిచూచును. తెరలన్నియు కుదురుటకు మూలలయందు గురిగుర్తు లుంచుదురు. ఈ దశలో దొరలిన పొరపాటు వేయి చొక్కాలపై వేయిసార్లు కనబడును.

విద్య యొకటే యైనను శ్రమ యొకటి కాదు. పెడన అచ్చుల పువ్వులనే తెరపైకెక్కించి, గంటలలో అద్ది, కలంకారి పేరనే విక్రయించుట నేడు సామాన్యమైపోయినది. మచిలీపట్టణపు కలంకారికి భౌగోళిక గుర్తింపు ఉన్నను, కొనువారి కన్ను మోసపోవుచునే యున్నది. నష్టపడునది దినములతరబడి ఉతికి, ఉడికించి, ఎండబెట్టెడి చేతులు.

తెరయచ్చు తప్పు కాదు. అదియును నేర్పుగల పనియే. దానిని దాని పేరుతోనే పిలువవలెనని మా మనవి. మీరు గుడ్డ కొనునపుడు ఒక్కమారు తిరగవేసి చూడుడు. చేతిరంగు సాధారణముగా గుడ్డలోనికి ఇంకి వెనుకకు దిగును. తెరయచ్చు సిరా చాలవఱకు పైననే నిలుచును. ఆ ఒక్క చూపు పెడనలోని ఒక ఇంటికి అన్నము పెట్టగలదు.