కంప్యూటర్ అంటే మనిషి

కంప్యూటర్ అన్న ఇంగ్లిష్ మాట 1613 నాటి ఒక పుస్తకంలోనే కనిపిస్తుంది. లెక్కించడమనే అర్థమున్న లాటిన్ క్రియ దీనికి మూలం. అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఆ అర్థమే నడిచింది.

ఆ మనుషుల బతుకు ఎలా ఉండేదో బ్రిటిష్ నౌకా పంచాంగం చరిత్రలో బాగా తెలుస్తుంది. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తేల్చాలంటే చంద్రుడి స్థానాలు ముందే గుణించి ఉండాలి. 1767వ సంవత్సరపు పంచాంగంతో మొదలుపెట్టి ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ ఈ పనిని వేర్వేరు ఊళ్లలోని కంప్యూటర్లకు అప్పగించాడు. వాళ్లు ఇంట్లోనే కూర్చుని లెక్కలు చేసి పంపేవారు. ఒకే లెక్క ఇద్దరికి విడివిడిగా ఇచ్చేవారు, మూడో మనిషి సరిచూసేవాడు. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నారని తేలి ఓసారి ఇద్దరి పని పోయింది. లడ్లోలో ఉండే మేరీ ఎడ్వర్డ్స్ భర్త పేరు మీద ఈ లెక్కలు చేసేది. 1784లో ఆయన పోయాక పని తన పేరు మీదికి మార్చమని అడిగి తెచ్చుకుంది, దానితోనే ఇల్లు నడిపింది.

మన దేశంలోనూ ఇది సర్కారు కొలువే. ఇరవై నిండని రాధానాథ్ సిక్దార్ 1831లో దేశాన్ని కొలిచే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో కంప్యూటర్‌గా చేరి, చీఫ్ కంప్యూటర్ దాకా ఎదిగాడు. వంద మైళ్లకు పైబడిన దూరం నుంచి కొలిచిన కోణాలను, గాలిలో వెలుగు వంగే తీరును లెక్కలోకి తీసుకుని పదిహేనో నంబరు శిఖరం ఎత్తు తేల్చడంలో ఆయనది ముఖ్య పాత్ర. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. శిఖరానికి మాత్రం సర్వే పాత అధిపతి ఎవరెస్ట్ పేరు పెట్టారు. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

1936లో గణితజ్ఞుడు అలాన్ ట్యూరింగ్ తన ప్రసిద్ధ వ్యాసంలో కంప్యూటర్ అని రాసింది కూడా కాగితం మీద లెక్క చేసే మనిషి గురించే. పదేళ్లు తిరిగేసరికి కథ మారింది. మనిషికి రోజులు పట్టే ఫిరంగి గుండు గమనాన్ని ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ యంత్రం అర నిమిషంలో తేల్చింది. దాన్ని నడిపే తీరు కనిపెట్టిన ఆరుగురు స్త్రీలూ అంతకుముందు కంప్యూటర్లే. 1946లో యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు వాళ్ల పేర్లు ఎవరూ ఎత్తలేదు. ఉద్యోగం పేరు యంత్రానికి పోయింది, దానితోపాటే ఆ గుర్తింపూ పోయింది.

అయినా పాత అర్థం వెంటనే చావలేదు. 1953లో అమెరికాలోని లాంగ్లీ పరిశోధన కేంద్రంలో కంప్యూటర్‌గా చేరిన కేథరిన్ జాన్సన్‌తో, తన అంతరిక్ష యాత్రకు యంత్రం ఇచ్చిన అంకెలను చేత్తో సరిచూయించాలని 1962లో వ్యోమగామి జాన్ గ్లెన్ కోరాడు. ఆమె సరేనంటే తానూ సిద్ధమేనన్నాడు.