తరగతిలోనికి గ్రంథాలయాధికారి

అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి రిచ్మండ్ పట్టణమున, క్వేకర్లు నెలకొల్పిన అర్ల్‌హామ్ కళాశాలకు 1962లో గ్రంథాలయాధికారిగా వచ్చిన ఎవాన్ ఫార్బర్, క్రొత్త విద్యార్థులకు పుస్తకశాలను ఒక్కపూట త్రిప్పిచూపి, కార్డుల సొరుగు లివియని చెప్పి పంపివేయుటతో తృప్తినొందలేదు. అక్కరలేనినాడు చెప్పిన మాట అక్కర కలిగిననాటికి ఎవరికి జ్ఞప్తి యుండును?

డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన మాంటీత్ కళాశాలలో పట్రీషియా నాప్ అను విదుషి, గ్రంథాలయ వినియోగమును పాఠ్యక్రమముతోనే పెనవేయవలెనని ఆ రోజులలోనే ప్రయోగము సలిపి, తద్వృత్తాంతమును 1966లో గ్రంథరూపమున వెలువరించెను. ఆ ప్రయోగము ఎక్కువకాలము సాగలేదు. అట్టి యత్నము అర్ల్‌హామ్‌లో మాత్రము దశాబ్దముల తరబడి నిలిచెను.

అచ్చటి పద్ధతి సరళమైనదే. ఆచార్యుడు వ్యాసాంశము నొసగగా, విద్యార్థులు దానికి పూనుకొను తరుణముననే గ్రంథాలయాధికారి తరగతికి వచ్చి, మొదట విజ్ఞానసర్వస్వమున విషయపు టెల్లల నెరిగి, అందలి వ్యాసము చివరనున్న గ్రంథసూచిని పట్టుకొని, పిమ్మట పత్రికాసూచికలకు పోవు త్రోవను, ఆ అంశమునే ఉదాహరణముగా గైకొని చూపెడివాడు. జీవశాస్త్ర విద్యార్థులు ‘బయలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ వంటి బృహత్సంపుటములతో కుస్తీ పట్టవలసివచ్చెడిది. అందు ఏ పదము క్రింద వెదుకవలెనో తెలియుటయే సగము పని. తన గంటలో కొంత అన్యునకు విడుచుట ఏ ఆచార్యునకును సులభము గాదు. కనుక ఈ కార్యమున పుస్తకజ్ఞానముకంటె చెలిమియే ఎక్కువ అక్కరకు వచ్చెనని నా తలంపు.

చిన్న కళాశాలలు బోధనను మరచి, మహావిశ్వవిద్యాలయముల గ్రంథసంఖ్యను చూచి అనుకరింప జూచుట యొక జాడ్యమని ఫార్బర్ 1974లో ఒక వ్యాసమున ఎత్తిచూపెను.